మాత్రల్లో కాదు చెల్లీ, బిల్లులో కోత వెయ్యి

ప్రశ్న: అక్కా, మాది మదనపల్లె. తొమ్మిదేళ్ళుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. నాకు 43 ఏళ్ళు. షుగరు, బీపీ, థైరాయిడ్ ముందు నుంచీ ఉన్నాయి, మూడేళ్ళ కిందట రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అనే కీళ్ళ జబ్బు తోడైంది. ఇంట్లో బ్లౌజులు కుట్టేదాన్ని, వేళ్ళు వాచిపోయి మానేశాను. మా ఆయన జీతం 38,000, అద్దె 11,000, ఇద్దరు పిల్లల చదువులు. నా మందులకీ టెస్టులకే నెలకి 11,000 పైన అవుతోంది. ఆయన ఆఫీసు ఇన్సూరెన్స్ అడ్మిట్ అయితేనే పనికొస్తుందట. రేషన్ కార్డు ఇంకా మదనపల్లెలోనే ఉంది. ఆయనకి తెలియకుండా లోన్ యాప్‌లో 26,000 తీసుకున్నాను, కమ్మలు సేటు దగ్గర పెట్టాను. ఖర్చు తగ్గుతుందని షుగరు బిళ్ళలు రోజు విడిచి రోజు వేసుకుంటున్నాను, కీళ్ళ మందు ఆరు వారాలుగా మానేశాను, నొప్పి ఎక్కువైతే మెడికల్ షాపులో అడిగి నొప్పి బిళ్ళలు తెచ్చుకుంటున్నాను. తెలిసినావిడ ఒక బట్టల షోరూంలో బిల్లింగ్ కౌంటర్లో 14,000 ఉద్యోగం ఉందంది, ఈ ఒంటితో చేయగలనో లేదో. మా అత్తయ్య "వాడి జీతమంతా మాత్రలకే" అంటుంది. ఒక్కోసారి నేను లేకపోతే వీళ్ళంతా సుఖంగా ఉంటారనిపిస్తుంది. బిల్లుల ఫొటోలు పంపుతున్నాను. వీటిలో ఏ మందు మానేస్తే పరవాలేదో చెప్పండి.

జవాబు: చెల్లీ, నువ్వు అక్కా అన్నావు కాబట్టి నేనూ మీరూ గీరూ అనను. మందుల సంగతి తర్వాత. ముందు నువ్వు చివర్లో ఒక మాట అనేసి, దాని మీద బిల్లుల ఫొటోలు కప్పేశావు చూడు, అక్కడ మొదలుపెడదాం. నేను లేకపోతే బాగుండు అనే మాట ఇంట్లో ఎవరితోనైనా అన్నావా? రాత్రి లెక్కలేసుకుంటూ పడుకున్నప్పుడు విసుగులో వచ్చే ఆలోచన ఒకటి. ఎలా, ఎప్పుడు అన్నదాకా వెళ్ళిన ఆలోచన ఇంకొకటి. ఈ రెండోది గనక అయితే ఈ జవాబు పక్కన పడేసి, పక్కనున్న మనిషిని లేపి చెప్పు, 14416కి ఫోన్ చెయ్యి. అది టెలీ మానస్, మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ. డబ్బులు పడవు, ఏ వేళప్పుడైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, దానికి పెద్దదిక్కు మన బెంగళూరులోనే ఉన్న మానసిక వైద్య సంస్థ నిమ్హాన్సే. మొదటి రకమే అయినా ఒకసారి చెయ్యి, తప్పేం లేదు. ఇంకో విషయం, థైరాయిడ్ సరిగ్గా లేకపోయినా మనసు ఇలాగే కుంగుతుంది, షుగరు ఎక్కువై రోజంతా నీరసంగా ఉన్నా అంతే. అంటే నీ దిగులంతా నీ తలరాతే కాకపోవచ్చు, కొంత రక్తపరీక్షలో కనిపించేది కూడా అయ్యుండొచ్చు. ఇది డాక్టరుకి చెప్పాల్సిన విషయం, "మామూలుగా ఉన్నానండీ" అని వచ్చెయ్యకు.

ఇక బిల్లులు. ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ నీ ఫొటోలన్నీ ముందేసుకుని ఒక పాత నోట్‌బుక్కులో పద్దు రాశాను. షుగరు మందులు 2,900. బీపీవి 620. థైరాయిడ్ నెలకి 60 కూడా లేదు. కీళ్ళ మందులు 1,450. నొప్పి బిళ్ళలు 300. గ్యాస్ బిళ్ళలు 740. టెస్టులు నెలకి సగటున 2,000. ఇవి కాక ప్రోటీన్ పౌడరు, కొల్లాజెన్, జుట్టుకి బయోటిన్, ఏవో మల్టీవిటమిన్లు, కాల్షియం, అన్నీ కలిపి 3,100. మొత్తం 11,170.

ఇప్పుడు నువ్వు మానేసినవేంటో చూడు. షుగరు బిళ్ళ, కీళ్ళ మందు. మానకుండా ఉంచుకున్నవి? ప్రోటీన్ పౌడరు, మూడు రకాల గ్యాస్ బిళ్ళలు, నొప్పి బిళ్ళ. బతకడానికి కావలసినవి తీసేసి, లేకపోయినా నడిచేవి ఉంచావు. నీకు తెలివి లేక కాదమ్మా, పౌడరు డబ్బా వంటింట్లో అందరికీ కనబడుతుంది, బహుశా మీ ఆయనే ప్రేమగా తెచ్చి పెట్టుంటాడు, అది మానేస్తే "ఏమైంది, ఎందుకు తాగట్లేదు" అని అడుగుతారు. బిళ్ళ మానేస్తే అడిగేవాళ్ళు లేరు. ఎక్కడ కోసినా ఇంట్లో ఎవరికీ తెలియని చోటు చూసి కోశావు నువ్వు. యాప్ అప్పు కూడా అదే కదా. ఉత్తరం మొత్తం చదివితే నాకు రెండు కష్టాలు కనబడలేదు, ఒకటే కనబడింది. ఇంట్లో ఎవరికీ బరువు తెలియకూడదని నువ్వు పడే తంటా అది.

నేనూ ఈ పని చేసినదాన్నే, నీతులు చెప్పే మొహం కాదు నాది. 2016లో మా ఇంటాయన ఉద్యోగం పోయింది, ఐదు నెలలు ఖాళీ. నాది రోజుకి మూడు రూపాయల బీపీ బిళ్ళ. మూడు రూపాయలు! అది మానేసి ఏదో త్యాగం చేస్తున్నాననుకున్నాను. ఒక రోజు కూరగాయలు తరుగుతుంటే కళ్ళ ముందు అంతా తెల్లగా అయిపోయి, ముక్కు నుంచి రక్తం, పక్కింటి కన్నడావిడ ఆటో మాట్లాడి తీసుకెళ్ళింది. బీపీ 210 ఉందన్నారు. ఇంటి దగ్గర్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగు రోజులు, బిల్లు లక్షా నలభై మూడు వేలు. ఉద్యోగంతో పాటే ఇన్సూరెన్స్ కూడా పోయిందని ఆ కౌంటరు దగ్గర నిలబడ్డప్పుడు తెలిసింది మాకు. మిగిల్చింది రెండు నెలలకి 180 రూపాయలు.

అందుకని నువ్వడిగిన ప్రశ్నకి నా జవాబు ఇది. నాలుగు జబ్బుల మందుల్లో నీ అంతట నువ్వు మానేసుకోదగ్గది ఒక్కటీ లేదు. మళ్ళీ మొదలుపెట్టడంలో కూడా ఒక జాగ్రత్త ఉంది. షుగరు బిళ్ళలు రాసిచ్చినట్టే రోజూ వేసుకో. కీళ్ళ మందు, నీ చీటీలో ఉన్నది మెథోట్రెక్సేట్, అది వారానికి ఒక్క రోజు వేసుకునే మందు. ఆరు వారాలు పోయింది కదా అని రెండు మూడు డోసులు కలిపి వేసుకోవడం గానీ, త్వరగా తగ్గాలని రోజూ వేసుకోవడం గానీ చేశావంటే ప్రాణం మీదికొస్తుంది, ఇది పెద్దక్షరాలతో గోడ మీద రాసుకో. మళ్ళీ ఎంతతో మొదలెట్టాలో కీళ్ళ డాక్టరుకి ఫోన్ చేసి, మానేశానన్న సంగతి దాచకుండా చెప్పి, అడుగు. తిడతారు. తిట్టనీ. ఈ జబ్బులో ఒకసారి అరిగి వంకరపోయిన వేలు మందు వేసుకున్నా మళ్ళీ సాపు కాదు, మందు పనల్లా అంతదాకా పోకుండా ఆపడం.

ఆ షాపు నొప్పి బిళ్ళ మాత్రం ఈ రోజే ఆపు, విడి మాత్రల కవరైతే మాత్రం కింద చెప్పే జాగ్రత్త చూసుకుని. నీకు షుగరుంది, బీపీ ఉంది, అంటే కిడ్నీలకి ఇప్పటికే ఇద్దరు శత్రువులు, వాటి మీద రోజూ నొప్పి బిళ్ళలు వేశావంటే మూడోవాడిని చేతులారా తెచ్చిపెట్టినట్టు. బీపీని కూడా పైకి లాగుతాయవి, అప్పుడు బీపీ డాక్టరు ఇంకో మందు రాస్తాడు, దానికింకో ఖర్చు. కొన్ని షాపుల వాళ్ళు విడి మాత్రలు నాలుగు చిన్న కాగితం కవర్లో వేసి "ఇది వేసుకోమ్మా, పొద్దుటికి తగ్గిపోతుంది" అని ఇస్తారే, నిజంగానే పొద్దుటికి తగ్గిందంటే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానపడాలి. స్టెరాయిడ్ పడితే షుగరు ఎగబాకుతుంది. నీ ఫొటోల్లో గత నెల షుగరు 280 చూసి నాకు మొదట తట్టింది అదే. ఆ కవర్ల మందులు చాలా రోజులుగా వాడుతున్నావంటే డాక్టరుకి ఆ మాట కూడా చెప్పి ఆపు, స్టెరాయిడ్ అలవాటైన ఒంటికి అది హఠాత్తుగా ఆపినా ప్రమాదమే.

ఇప్పుడు నీకు బాగా నచ్చే భాగానికి వద్దాం, నిజంగా కొయ్యాల్సిన చోటు.

ఒక గుడ్డ సంచీ తీసుకో. ఇంట్లో ఉన్న ప్రతి స్ట్రిప్పూ, సీసా, డబ్బా, సగం వాడి ఫ్రిజ్ మీద పడేసినవి కూడా, అందులో వేసి, నీకు బాగా నమ్మకమున్న ఒక్క డాక్టరు దగ్గరికి, మామూలు ఫిజీషియన్ అయితే మంచిది, వెళ్ళి టేబుల్ మీద కుమ్మరించు. నేను చేశానీ పని. మా డాక్టరుగారు స్ట్రిప్పులు తిప్పి వెనక చిన్న అక్షరాలు చదివి, మూడు పక్కన పెట్టి, "అమ్మా, ఈ మూడూ ఒకటే" అన్నారు. మూడు రంగుల్లో, మూడు పేర్లతో, మూడూ పాంటోప్రజోలే. గుండె డాక్టరొకటి, షుగరు డాక్టరొకటి, పంటి డాక్టరొకటి, ముగ్గురూ ఎవరి చీటీలో వాళ్ళు ఒక గ్యాస్ బిళ్ళ చివర్లో తగిలించారు, నేను విధిగా మూడూ మింగాను. నీ బిల్లుల్లో కూడా మూడున్నాయి, రెండిట్లో ఉన్నది ఒకటే మందు, నేను చూశాను. 740లో ఎంత పోవాలో నువ్వే చూసుకో. "ఇవన్నీ నాకు నిజంగా కావాలా, దేన్నైనా ఆపొచ్చా" అని ఆ మాటలతోనే అడుగు. నాలుగు జబ్బులున్న మనిషికి నలుగురు డాక్టర్లుంటారు గానీ మొత్తం సంచీని చూసేవాడు ఒక్కడూ ఉండడు, మన ఊళ్ళో మరీను.

బయోటిన్ సంగతి ఆ డాక్టరుకి తప్పకుండా చెప్పు. అది థైరాయిడ్ టెస్టునే తప్పుదారి పట్టిస్తుంది, రిపోర్టులో అంకెలు తేడాగా వస్తాయి, వాటిని చూసి డోసు మారుస్తారు, ఆరు వారాలకి మళ్ళీ టెస్టు. నీ థైరాయిడ్ డోసు ఈ ఏడాదిలో మూడు సార్లు ఎందుకు మారిందో నాకు తెలియదు గానీ, పొద్దున్నే థైరాయిడ్ బిళ్ళ వేసుకుని అరగంటకే కాల్షియం వేసుకుంటున్నట్టయితే అదీ ఒక కారణమే. ఆ రెండిటికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. పైసా ఖర్చు లేని మార్పు ఇది. కాల్షియం కావాలో వద్దో డాక్టరే చెప్పాలి, స్టెరాయిడ్ వాడిన వాళ్ళకి కావాల్సి రావచ్చు. షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకి బి12 తగ్గుతుంది, కాబట్టి అది ఉంచమనొచ్చు. ప్రోటీన్ పౌడరుకి మాత్రం నాకు ఏ సాకూ దొరకలేదు. ఉలవలూ పెసలూ తిని పెరిగిన మదనపల్లె పిల్లవి, గుడ్డు తింటావు కదా, చాలదూ?

షుగరు మందుల్లో నీకో శుభవార్త ఉంది. నీ చీటీలో ఉన్న ఎంపాగ్లిఫ్లోజిన్ అసలు కంపెనీది, బిళ్ళ 60 రూపాయల దాకా, నెలకి అదొక్కటే 1,800. దాని పేటెంట్ 2025 మార్చిలో ముగిసింది. ఆ నెలలోనే మన దేశపు కంపెనీలు బోలెడు అదే మందుని దించాయి, పది పదిహేను రూపాయలకి, ఇంకా తక్కువకి కూడా దొరుకుతోంది. నీ చీటీ 2023 నాటిది, దాన్నే ప్రతినెలా చూపించి తెచ్చుకుంటున్నావు, షాపు వాడు తనంతట తాను చౌకది ఇవ్వడు కదా. డాక్టరుని "ఇదే మందు వేరే కంపెనీది రాయండి" అని అడిగితే ఒక్క గీతతో నెలకి 1,300 పైన మిగులుతుంది. సిటాగ్లిప్టిన్‌కి 2022లోనూ, లినాగ్లిప్టిన్‌కి 2023లోనూ ఇలాగే జరిగింది, ఈ జవాబు చదివే మిగతా షుగరు వాళ్ళు కూడా ఒకసారి చీటీలు తీసి చూసుకోండి.

మిగతావాటికి జన ఔషధి కేంద్రం. నువ్వు పేరు వినే ఉంటావు, వెళ్ళి ఉండవు, ఎందుకంటే మనకి చౌకగా ఉంటే పనిచెయ్యదన్న గుబులు. నేనూ ఏడాది పాటు దాని ముందు నుంచే నడిచి వెళ్ళాను. బ్రాండు మందుల కంటే సగానికి సగం, కొన్ని ఇంకా బాగా తక్కువ. బ్యాచులు ల్యాబులో పరీక్షయ్యాకే షాపులకి వస్తాయి. బీపీ మందూ మెట్‌ఫార్మినూ అక్కడికి మార్చాక మూడు నెలలు గడవనిచ్చి షుగరు సగటు చూపించే హెచ్‌బీఏ1సీ టెస్టు చేయించుకున్నాను, అంతకుముందు 7.2, తర్వాత 7.1. అక్కడ బ్రాండు పేరు చెబితే పని జరగదు, స్ట్రిప్పు మీద చిన్నగా రాసి ఉండే అసలు మందు పేరూ, ఎన్ని మిల్లీగ్రాములో చెప్పాలి. జన ఔషధి సుగమ్ అని ఫోన్లో యాప్ ఉంది, దగ్గర్లో షాపు ఎక్కడో, మందు ధరెంతో అందులోనే కనబడుతుంది. ఒక్కోసారి స్టాకు ఉండదు, అందుకే ఇంకో వారానికి ఉండగానే వెళ్ళాలి. థైరాయిడ్ బిళ్ళ ఒక్కటి మాత్రం మార్చకు, అది ఎటూ 60 రూపాయల వ్యవహారం, కంపెనీ మారిస్తే మళ్ళీ టెస్టు చేయించాలి, ఆ టెస్టే అంతకంటే ఎక్కువ. కీళ్ళ మందు కూడా ఆ డాక్టరు సరే అన్నాకే.

బీపీ, షుగరు మామూలు మందులకి మీ వార్డులో ప్రభుత్వం నడిపే నమ్మ క్లినిక్ ఎక్కడుందో కనుక్కో. 2023 నుంచి బెంగళూరు వార్డుల్లో తెరిచారు, చూడటం ఉచితం, మందులూ కొన్ని టెస్టులూ ఉచితం. అందులో కీళ్ళ జబ్బుకి వైద్యం దొరకదు, అది ఆశించకు. బీపీ చూపించుకోవడానికి ప్రతిసారీ 600 ఫీజిచ్చే డాక్టరు అక్కర్లేదు, అంతే.

టెస్టుల దగ్గర నాకు ఒళ్ళు మండింది. రుమటాయిడ్ ఫ్యాక్టర్ నీకు ఈ ఏడాదిలో నాలుగు సార్లు చేశారు. జబ్బుందని తేలిపోయాక అది మళ్ళీ మళ్ళీ చూసి తెలుసుకునేదేమీ లేదు, జబ్బు జోరు ఎంతుందో చూడటానికి ఈఎస్ఆర్, సీఆర్‌పీ ఉన్నాయి. హెచ్‌బీఏ1సీ మూడు నెలల సగటు చూపించే టెస్టు, దాన్ని నెలనెలా చేయిస్తే ఏం లాభం? విటమిన్ డి రెండు సార్లు. ఇవన్నీ ఎవరో మోసం చేశారని కాదు, నువ్వు ఒక డాక్టరు రిపోర్టు ఇంకో డాక్టరుకి చూపించట్లేదు, వాళ్ళు కొత్తగా రాసేస్తున్నారు. ఒక ప్లాస్టిక్ ఫైలు కొను, రిపోర్టులన్నీ తారీఖు వరసలో పెట్టు, మూడు నెలలకొకసారి ఒకే రోజు అన్ని టెస్టులూ చేయించి అందరికీ అదే ఫైలు చూపించు, "ఇది పోయిన నెల చేసిందండీ, సరిపోతుందా" అను. మెథోట్రెక్సేట్ కోసం చేసే రక్తకణాలు, లివరు టెస్టులు మాత్రం డబ్బులు మిగుల్తాయని వాయిదా వెయ్యకూడదు, ఆ మందు వేసుకునేవాళ్ళకి అవే రక్షణ. 80 టెస్టులు 1,999కే అని మెసేజులొస్తాయే, అవి డిలీట్ చెయ్యి.

ఇవన్నీ జరిగితే నీ 11,170 కాస్తా ఐదు వేలకి అటూ ఇటూగా దిగుతుందని నా లెక్క. వందా రెండొందలు తేడా రావచ్చు గానీ వేలల్లో రాదు.

ఇంతకంటే ముఖ్యమైన విషయం నీ ఉత్తరంలో నువ్వు మాటవరసకి చెప్పిన ఆ 14,000 ఉద్యోగం. చేరే ముందు వాళ్ళని ఒకే ఒక్క ప్రశ్న అడుగు, ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా, ఉందా అని. పది మందీ అంతకంటే ఎక్కువమందీ పనిచేసే షోరూం అయితే ఉండాలి. నెల జీతం 21,000 లోపు వాళ్ళకి ఈఎస్ఐ. మీ ఆయన జీతం దాటిపోయింది కాబట్టి ఆయన వైపు నుంచి మీకు రాలేదు. నీ జీతంలో 0.75 శాతం కోస్తారు, 14,000కి లెక్కేస్తే 105 రూపాయలు. ఆ 105కి నీకూ, నీ మీద ఆధారపడ్డ పిల్లలకీ డాక్టరు చూడటం, మందులు, టెస్టులు, అడ్మిషన్, అన్నీ. ప్రైవేటు ఇన్సూరెన్స్ వాళ్ళలా "ఇది మీకు ముందు నుంచీ ఉన్న జబ్బు" అనరు, మామూలు వైద్యం చేరిన రోజు నుంచే మొదలు. పెద్ద సూపర్ స్పెషాలిటీ వైద్యానికి కొన్ని నెలల చందా కట్టి ఉండాలి, అంతే. నీకు ఇందిరానగర్ ఈఎస్ఐ ఆసుపత్రి మెట్రోలో తిన్నగా వెళ్ళొచ్చు, కె.ఆర్.పురంలో పర్పుల్ లైను ఎక్కితే ఆరేడు స్టేషన్ల లోపే. క్యూలు పెద్దవే, ఒక పూట పోతుంది, మందు లేదనీ అంటారు అప్పుడప్పుడు. అయినా సరే. రోజంతా నిలబడే పనైతే ఒప్పుకోకు, కూర్చునే కౌంటరేనా అని అడుగు, పొద్దున పూట వేళ్ళు బిగుసుకుపోతాయి కాబట్టి పదకొండింటికి మొదలయ్యే షిఫ్టు ఇస్తారా అని అడుగు. కీళ్ళ మందు మళ్ళీ పట్టుకున్నాక చేరు, ఆ మందు పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది.

మీ ఆయన ఆఫీసు ఇన్సూరెన్స్‌ని తక్కువగా చూడకు. చాలా గ్రూప్ పాలసీల్లో పాత జబ్బులకి కూడా మొదటి రోజు నుంచే కవరేజీ ఉంటుంది, నీలాంటివాళ్ళకి బయట అంత సులువుగా దొరకదు. బయట కొత్త పాలసీకి వెళ్తే కొన్ని కంపెనీలు ఇవ్వమంటాయి, కొన్ని ప్రీమియం పెంచుతాయి, పాత జబ్బులకి మూడేళ్ళ దాకా ఆగమంటాయి. ఆయన ఎప్పుడైనా ఉద్యోగం మారితే, మానెయ్యకముందే అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీకి మార్పించుకునే వీలుందా అని హెచ్ఆర్‌ని అడగమను, గ్రూపులో ఉన్న కాలం వెయిటింగ్ లెక్కలోకి వస్తుంది. ఆ సంగతి తెలియకే మేం లక్షా నలభై మూడు వేలు కట్టాం. ఎవరో ఒకరు "ఒక రోజు అడ్మిట్ అవ్వమ్మా, టెస్టులన్నీ క్లెయిమ్‌లో పెట్టేద్దాం" అని కూడా అంటారు, నమ్మకు. టెస్టుల కోసమే అడ్మిట్ అయినట్టు తేలితే క్లెయిమ్ కొట్టేస్తారు, బిల్లు నీ నెత్తిన పడుతుంది.

రేషన్ కార్డు ఇంకా మదనపల్లెలోనే ఉందన్నావు. బెంగళూరు తెలుగువాళ్ళలో సగం మంది కథ ఇదే, కార్డక్కడ, కాపురమిక్కడ. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ (అప్పట్లో ఆరోగ్యశ్రీ) కొన్ని పెద్ద చికిత్సలకి బెంగళూరు ఆసుపత్రుల్లో కూడా వర్తించేలా 2019లో విస్తరించారు. ఇప్పుడు ఏ ఆసుపత్రి జాబితాలో ఉందో మదనపల్లెలో ఉన్నవాళ్ళచేత 104కి ఫోన్ చేయించి కనుక్కో. ఇక్కడికి మార్చుకుంటే కర్ణాటక వాళ్ళ ఆరోగ్య పథకం వస్తుంది, బీపీఎల్ కార్డుకి కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా, ఏపీఎల్ అయితే ప్యాకేజీ ఖర్చులో 30 శాతం. రెండు చోట్లా రెండు కార్డులు మాత్రం పెట్టుకోకూడదు. ఇవన్నీ పెద్ద అడ్మిషన్లకే, నెలవారీ బిళ్ళలకి కాదు, కాబట్టి దీని గురించి ఈ నెలలో బుర్ర పాడుచేసుకోకు. ఆధార్‌లో అడ్రస్ ఇక్కడిదైతే ఆడవాళ్ళకి బీఎంటీసీ మామూలు బస్సు ఉచితం, ఆసుపత్రులకి తిరిగే నీకు ఆటో డబ్బులు మిగుల్తాయి, అదొక్కటి ఆలోచించు.

అప్పు. కమ్మలు సేటు దగ్గర మూడు రూపాయల వడ్డీకి పెట్టావు, అంటే ఏడాదికి 36. యాప్ వాళ్ళది ప్రాసెసింగ్ ఫీజులన్నీ కలిపితే ఇంకా పైనే ఉంటుంది. బ్యాంకులో బంగారం మీద అప్పు రూపాయి వడ్డీకి అటూ ఇటూగా దొరుకుతుంది. కమ్మలు విడిపించి బ్యాంకులో పెట్టి, వచ్చినదాంతో ముందు యాప్ తీర్చెయ్యి. రికవరీ వాళ్ళు పొద్దున ఎనిమిదికి ముందూ, రాత్రి ఏడు తర్వాతా ఫోన్ చెయ్యకూడదని రిజర్వు బ్యాంకు నియమం, చుట్టాలకి చేసి పరువు తీస్తామని బెదిరించడం అసలే కుదరదు. అలా చేస్తే స్క్రీన్‌షాట్లు తీసి సైబర్ నేరాల నంబరు 1930కి ఫిర్యాదు చెయ్యి. ఒక యాప్ తీర్చడానికి ఇంకో యాప్ ఎక్కించుకోకు తల్లీ, అందులో దిగినవాళ్ళని చూశాను.

సేటు దగ్గర్నుంచి కమ్మలు విడిపించడానికి ముందు చేతిలో డబ్బుండాలి, అందుకు మీ ఆయనకి చెప్పాలి. తప్పదు. రాత్రి అలిసిపోయి వచ్చినప్పుడు కాదు, అత్తయ్య ముందు కాదు. ఆదివారం ఇద్దరూ జన ఔషధికి వెళ్ళండి, దార్లో టీ తాగుతూ చెప్పు. ఏడ్చుకుంటూ "నేను మీకు భారమయ్యాను" అని మొదలెట్టకు, అప్పుడాయన ఓదార్చే పనిలో పడతాడు, లెక్క పక్కకిపోతుంది. కాగితం మీద మూడు అంకెలు రాసుకెళ్ళు. ఇప్పుడెంతవుతోంది, ఎంతకి దించొచ్చు, అప్పెంత. చివర్లో ఆ ఆరు వారాల సంగతి. కోప్పడతాడేమో, అప్పు మీద కంటే మందు మానేసినందుకే ఎక్కువ కోప్పడతాడని నా అనుమానం. మీ అత్తయ్య సంగతంటావా, ఆవిడ రోజూ చూస్తున్నది మందుల కవర్లు, మీరిద్దరూ లెక్కలేసుకోవడం కాదు. బిల్లు సగమయ్యాక ఆవిడ వేరే దేని గురించో అంటుంది, అత్తయ్యలు ఖాళీగా ఉండరు.

బ్లౌజుల గురించి నువ్వడగలేదు గానీ, ఉత్తరంలో ఆ మాట వచ్చింది. కీళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు వేళ్ళకి వ్యాయామం నేర్పే ఫిజియో ఉన్నారా అని అడుగు. మిషను తొక్కేదో మోటారుదో రాయలేదు నువ్వు. హుక్కులూ చేతికుట్టూ వేరేవాళ్ళకిచ్చి కటింగు వరకు నువ్వు చేసుకునే వీలుందేమో, మందు పనిచెయ్యడం మొదలయ్యాక, అంటే రెండు మూడు నెలలాగి చూడు. ఈలోగా ఆ గుడ్డ సంచీ పని ఈ శనివారమే పెట్టుకో. ఎన్ని స్ట్రిప్పులు పక్కన పెట్టారో నాకు రాయి.